లివ్‌అబోర్డా, ఒడ్డున మకామా? మునగని మనిషి తోడుంటే ఏది మేలు

అనంతపురంలో కూర్చొని సముద్రం గురించి రాస్తా ఉంటే నాకే నవ్వొస్తుంది. వానలు సరిగ్గా పడని జిల్లా, పెన్నలో చూస్తే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అయినా బెంగళూరు పుణ్యమా అని మనవైపు కూడా డైవింగ్ పిచ్చి పట్టినోళ్ళు బాగానే తయారైనారు. విమానాశ్రయం దేవనహళ్ళిలో, అంటే బెంగళూరుకు ఇవతల మనవైపే ఉండడం ఇంకో సౌకర్యం. ఊళ్ళో ట్రాఫిక్‌తో పని లేదు.

ఈ ఏడాదిలో నన్ను నలుగురు ఒకటే ప్రశ్న అడిగినారు. మొన్న కడపలో పెళ్ళి భోజనాల దగ్గర ఐదో ఆయన పట్టుకున్నాడు. "అన్నా, లివ్‌అబోర్డ్ పోదామనుకుంటాండా. మా ఆమెకు డైవింగ్ రాదు. పిల్చుకొని పోవచ్చునా?" లివ్‌అబోర్డ్ అంటే రోజుల తరబడి పడవలోనే తిని, పండుకొని డైవింగ్ చేసే ట్రిప్పు. ఆయన పక్కనే ఆమె. జవాబు కోసం ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఇద్దరికీ కావలసిన జవాబు ఒకటి కాదని తెలుస్తూనే ఉంది. "పెరుగన్నం కానీండి, తర్వాత చెప్తా" అని ఆ పూటకు తప్పించుకున్నా. ఆ తర్వాత చెప్పింది ఇదీ.

ముందు గంటల లెక్క. లివ్‌అబోర్డ్‌లో రోజుకు మూడు నాలుగు డైవ్‌లు. నీళ్ళల్లో ఉండేది ఒక్కోసారి గంటే, నిజమే. దానికి ముందు బ్రీఫింగ్, సూటు తొడుక్కోవడం, చిన్న పడవెక్కి స్పాట్‌కు పోవడం, వచ్చినాక కడుక్కోవడం అన్నీ కలిపితే రెండు గంటలు హరీ. మొదటిది తెల్లారి ఆరింటికి, చివరిది చీకటి పడినాక. మధ్యలో ఖాళీ ఉంది గదా అంటారు. ఆ ఖాళీలో మనం చేసేది తినడం, పండుకోవడం. రెండుసార్లు మునిగొచ్చిన ఒళ్ళు అన్నం తింటూనే గురక పెడుతుంది. మా ఆమెకు నేను మెలకువగా దొరికింది రోజుకు రెండు గంటలుంటే ఎక్కువ. అది కూడా లాగ్‌బుక్ రాసుకుంటా.

అందుకే "పడవలో ఆమెకు ఏమేం ఉంటాయి" అని అడిగేవాళ్ళతో నాకు పేచీ. డెక్కు మీద మెత్తని కుర్చీలు, ఏసీ గది, మసాజ్, అప్పుడప్పుడు అందే వైఫై, అన్నీ ఉంటాయి. రెండో రోజుకు అన్నీ మొహం మొత్తుతాయి. నేను అడిగేది ఒకటే: మనం నీళ్ళ అడుగున ఉన్నప్పుడు ఆమె పడవ దిగి ఎక్కడికైనా పోగలదా? పోవాలంటే దగ్గర్లో నేల ఉండాలి. తీసుకుపోవడానికి రెండో చిన్న పడవ ఉండాలి. దాన్ని నడిపే మనిషి ఖాళీగా ఉండాలి. చాలా పడవల్లో ఉన్న డింగీ డైవర్ల వెంటే పోతుంది. బుడగలు చూసుకుంటా వాళ్ళ పైనే తిరగడం దాని పని. అప్పుడు పెద్ద పడవ మీద మిగిలిన మనిషి ఒక లెక్కన ఖైదీనే.

ఈ సంగతి నేను తెలివితో కనిపెట్టలేదు, మా మాల్దీవుల ట్రిప్పులో చేసుకున్న తప్పుతో నేర్చుకున్నా. ఏడు రాత్రుల ట్రిప్పు. మూడో రోజు డింగీ మోటారు మొరాయించింది. "సాయంత్రానికి బాగుచేస్తాం" అన్నారు, ఆ సాయంత్రం ట్రిప్పు అయిపోయేదాకా రాలేదు. మా ఆమె లెక్కల టీచరు. ఐదో రోజు నేను నీళ్ళోడుకుంటా పైకొస్తే రైలింగు దగ్గర నిలబడి అంది: "తొమ్మిదో తరగతి పేపర్లు తెచ్చుకొని ఉంటే దిద్దేసి ఉందును." అరిచి ఉంటే నయంగా ఉండేది.

అట్లని మాల్దీవులను కొట్టిపారేయను. అక్కడ ఒక మంచి పద్ధతి ఉంది. డైవింగ్ సామానూ, సిలిండర్లకు గాలి నింపే కంప్రెసరూ ధోణీ అనే వేరే పడవలో ఉంటాయి. డైవర్లు అందులో పోతారు. పెద్ద పడవ మీద మోత ఉండదు, తడి సూట్ల వాసన ఉండదు. ఇంకొకటి, అక్కడి పెద్ద జంతువులు కొన్ని నీటి పైభాగానే తిరుగుతాయి. అటాల్ అంటే ఉంగరం మాదిరి ఉండే పగడపు దీవుల వరస. దక్షిణ అరి అటాల్‌లో వేల్ షార్క్ అనే భారీ సొరచేప ఏడాది పొడుగునా కనపడుతుంది. అది కనిపించిందని కేక పడితే సిలిండరు ఉన్నోళ్ళూ లేనోళ్ళూ అందరూ మాస్కు పెట్టుకొని దూకడమే. కొన్ని పడవలు రాత్రి వెనకవైపు లైటు వేసి పెడతాయి. ఆ వెలుతురుకు ప్లాంక్టన్ అనే సన్న జీవాలు చేరతాయి, వాటిని తినడానికి మాంటా రేలు అనే పెద్ద రెక్కల చేపలు వస్తాయి. వెడల్పాటి తెల్లని పొట్ట పైకి తిప్పి, నోరు బార్లా తెరిచి, ఒకే చోట పల్టీలు కొడుతుంటే మా ఆమె మెట్ల మీద కూర్చొని, కాళ్ళు నీళ్ళల్లో పెట్టి గంటన్నర చూసింది. ఆ ఏడు రోజుల్లో ఆమె ఫోన్లో మిగిలిన ఫోటోలన్నీ ఆ రాత్రివే.

బా అటాల్‌లోని హనిఫారు అఖాతంలో అయితే లెక్క తిరగబడుతుంది. జూన్ నుంచి నవంబరు లోపల అక్కడికి మాంటాలు గుంపులుగా వస్తాయి. సిలిండరుతో మునగడం నిషేధం, స్నార్కెల్ (నోట్లో గొట్టం పెట్టుకొని పైన తేలడం) ఒక్కటే గతి. ఎన్ని డైవ్‌లు చేసినోడైనా భార్య పక్కనే పైన తేలాల్సిందే. మునగని మనిషికి ఇంతకంటే న్యాయమైన చోటు నాకు తెలియదు.

మరి నేల? వారంలో ఒక సాయంత్రం ఊరుండే దీవికి, ఒక రాత్రి ఇసుక దిబ్బ మీద భోజనానికి. సిబ్బంది ఆ ఇసుకతో వేల్ షార్క్ బొమ్మ చేసి, ఒంటి నిండా దీపాలు పెడతారు. బాగుంటుంది. కానీ ఏడు రోజులకు రెండు పూటలు. సగం తిరుగుడు అటాల్ లోపలే కాబట్టి నీళ్ళు నెమ్మదిగానే ఉంటాయి, ఒక అటాల్ నుంచి ఇంకొకదానికి దాటేటప్పుడు మాత్రం పడవ ఊగుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా పోతే ఆ బాధ తక్కువ.

ఊపు మాట వచ్చింది కాబట్టి ఇక్కడే చెప్పేస్తా. మా ఆమె తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు మూడో మలుపుకే కవరు అడిగే మనిషి. ఇట్లాంటివాళ్ళకు గది కింది అంతస్తులో, పడవ నడుమ భాగాన తీసుకోండి. పైన కిటికీ పెద్దదే, ఊపు కూడా పెద్దదే. బస్సుకు వేసుకునే అవోమినే ఇక్కడా పనికొస్తుంది, పడవ కదలకముందే వేసుకోవాలి. మత్తు వస్తుంది కాబట్టి మునిగే మనిషి మాత్రం డాక్టరును అడగకుండా వేసుకోకూడదు. కింది గది తీసుకుంటే ఇంకో సంగతి చూసుకోవాలి. 2019 సెప్టెంబరు 2న కాలిఫోర్నియా తీరంలో, లంగరు వేసి ఉన్న డైవింగ్ పడవకు రాత్రి నిప్పంటుకొని, కింద నిద్రపోతున్న 34 మంది చనిపోయినారు. ఎక్కిన రోజే రెండో దారి ఎక్కడుందో చూపించమని అడిగి, ఆ దారిన ఒకసారి ఎక్కి దిగండి. సిబ్బంది నవ్వితే నవ్వనీ.

ఈజిప్టు వైపు ఎర్ర సముద్రం సంగతి తొందరగా తేల్చేస్తా. బ్రదర్స్, డిడాలస్ దారి అయితే భార్యను పిల్చుకొని పోవద్దు. అంతే. నడిసముద్రంలో రెండు మూడు రాళ్ళు, మీద లైట్‌హౌస్‌లు, రాత్రంతా అలల్లో ప్రయాణం. మునిగేవాళ్ళనే యాభై డైవ్‌లు చూపించమంటారు. నేను స్నేహితులతో పోయొచ్చినా, సొరచేపలు చూసి మురిసిపోయినా. కానీ పై నుంచి చూసేవాళ్ళకు అక్కడ నీలం తప్ప ఏమీ లేదు. ఉత్తరం దారి కొంచెం మేలు, రస్ మొహమ్మద్ దగ్గర పగడాలు పైనే ఉంటాయి. ఈజిప్టే కావాలంటే హుర్గదాలో హోటల్ తీసుకొని, పగలు పడవకు పోయొచ్చి, ఒక రోజు ఇద్దరూ లక్సర్ గుళ్ళు చూసి రండి. అదీ లివ్‌అబోర్డ్ కాదనుకోండి.

ఇప్పుడు ఇండోనేషియాలోని కొమొడో. నా మొగ్గు ఇటే, దాచుకునేదేం లేదు.

బెంగళూరు నుంచి బాలికి, బాలి నుంచి ఇంకో చిన్న విమానంలో లబువన్ బజోకు. అక్కడ పడవ ఎక్కితే నాలుగు రాత్రులు చాలు. జాతీయ పార్కులో దీవులు పక్కపక్కనే ఉంటాయి. ఏ స్పాట్‌లో లంగరు వేసినా కళ్ళెదుట కొండ కనపడుతుంది. ఎండిన గడ్డితో బూడిద పసుపు రంగులో ఉండే ఆ కొండలను చూసి మా ఆమె మొదటి మాట: "ఇదేంది, పెనుకొండ పక్క మాదిరే ఉండాది!" అంత దూరం, అంత డబ్బు పోసి పోయింది పెనుకొండ చూడటానికా అని నాకు అనిపించింది గానీ, ఆమె మొహంలో బెరుకు పోయింది ఆ క్షణానే.

పాదర్ దీవి మెట్లు తెల్లవారుజామున ఎక్కాలి, ఎండెక్కితే మన కొండలకు తీసిపోదు. పైనుంచి చూస్తే మూడు అఖాతాలు మూడు పక్కలా కొడవళ్ళు పరిచినట్టు ఉంటాయి. డ్రాగన్ల దీవిలో రేంజరు చీలిన కొస ఉన్న పొడుగు కర్ర పట్టుకొని ముందు నడుస్తాడు. మూడు మీటర్ల దాకా పెరిగే జంతువు, మన ఉడుముకు పెద్దన్న. నాలుక బయటికీ లోపలికీ ఆడించే తీరు అచ్చం అదే. సాయంత్రం కలోంగ్ దీవి దగ్గర పడవ ఆపితే మడ అడవుల్లోనుంచి పెద్ద గబ్బిలాలు వేలకు వేలు లేచి ఆకాశం మీదుగా పోతాయి. దానికి ఈత రానక్కరలేదు, చేతిలో టీ గ్లాసు ఉంటే చాలు. భోజనంలో సంబల్ ఉంటుంది, ఆ కారం మనోళ్ళకు తక్కువేం కాదు. మేము తీసుకుపోయిన చెనిక్కాయల పొడి సగం డబ్బా అట్లే తిరిగొచ్చింది.

మా పడవకు రెండు డింగీలు. బుక్ చేసేముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకున్నా. నేను బటు బొలొంగ్‌లో మునిగితే ఆమెను ఒక కుర్రాడు సియబా బెసార్‌కు తీసుకుపోయినాడు. అక్కడ నీళ్ళు నిలకడగా ఉంటాయి, తాబేళ్ళు తలెత్తి గాలి పీల్చుకొని పోతుంటాయి. ఆమెకు ఈత రాదు. లైఫ్ జాకెట్ వేసుకొని, ఆ అబ్బాయి లాక్కుపోతున్న, గాలి నింపిన ట్యూబు పట్టుకొని, ముఖం నీళ్ళల్లో పెట్టి పదకొండు తాబేళ్ళను లెక్కపెట్టింది. నేను పైకొచ్చి నా డైవ్ గురించి చెప్పబోతే, "ఆగండి, ముందు నాది వినండి" అంది. అట్లాంటి మాట మాల్దీవుల్లో ఒక్కసారి కూడా వినలేదు.

కొమొడోకు వంకలు లేకపోలేదు. ప్రవాహాలు గట్టివి, కిందికి లాగే నీళ్ళు కూడా ఉంటాయి. నిన్నగాక మొన్న డైవింగ్ నేర్చుకొని కార్డు తెచ్చుకున్నోడు మునగడానికి అది చోటు కాదు. జనవరి, ఫిబ్రవరిలో గాలీవానా ఎక్కువ, పడవలను రేవు దాటనివ్వని రోజులుంటాయి. ఏప్రిల్ నుంచి నవంబరు లోపల పోవాలి.

అండమాన్‌లోని హావ్‌లాక్, అదే ఇప్పటి స్వరాజ్ ద్వీప్, లివ్‌అబోర్డ్ కాదు గానీ పోటీలో లేకుండా చేయలేం. పొద్దున రెండు డైవ్‌లు చేసి మధ్యాహ్నానికి గదికి వచ్చేస్తాం. ఆమె అప్పటిదాకా నిద్రపోవచ్చు, ఊళ్ళో తిరగొచ్చు, ఎవర్నీ అడిగే పని లేదు. సాయంత్రం ఇద్దరూ రాధానగర్ బీచ్‌లో ఉంటారు. అండమాన్ రాజధానిలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, వీసా గొడవ లేదు, డైవ్‌కు ఇంత అని కట్టడమే కాబట్టి మునగని మనిషికి డైవింగ్ డబ్బు పడదు. లివ్‌అబోర్డ్‌లో అట్లా కాదు, చాలా పడవలు మంచానికే లెక్క కడతాయి, మునగనందుకు తగ్గించేది ఏమంత ఉండదు. మీ భార్యకు వాంతుల భయం గట్టిగా ఉంటే చర్చ లేదు, హావ్‌లాకే. ఆమెకు నేర్చుకోవాలని ఉన్నా నేర్పించాల్సింది ఇక్కడే, నాలుగు రోజుల కోర్సు. లివ్‌అబోర్డ్‌లో నేర్చుకుందువులే అని ఎక్కించడం మాత్రం మోసం.

థాయిలాండ్ సిమిలాన్ దీవులు అక్టోబరు మధ్య నుంచి మే మధ్య దాకానే తెరిచి ఉంటాయి, నాలుగైదు రోజుల పడవలు, బాగానే ఉంటాయి. లక్షద్వీప్‌కు పర్మిట్ దొరికితే అదృష్టం.

కడప ఆయనకు చివరగా ఒక మాట చెప్పినా. చివరి డైవ్ అయినాక విమానం ఎక్కడానికి కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలి, ఒంట్లో చేరిన నత్రజని పోవాలి గదా. ఇరవై నాలుగు అయితే ఇంకా మంచిది. ఎక్కడికి పోయినా ఆ ఒక్క రోజు ఎవరూ మునగరు, కాబట్టి ఆ రోజు కార్యక్రమం ముందే ఆమెను రాసిమ్మనండి. లబువన్ బజోలో మా ఆమె రాసిన కాగితంలో మొదటి అంశం బజారు, రెండోది చేపల మార్కెట్టు, మూడోది మళ్ళీ బజారు. వాళ్ళ స్కూల్లో టీచర్లు పదహారు మంది. పదహారు మందికీ నేత సంచులు కొన్నది. మోసింది నేను.