ట్యాంకు మోటారుకి ఆటోమేటిక్ బోర్డు కొంటున్నారా? షాపులోనే కింది వైరు పీకి చూడండి

నరసాపురం, మొగల్తూరు, భీమవరం వైపు చవగ్గా దొరికే, 555 అనే టైమరు చిప్పుతో చేసిన వాటర్ లెవెల్ బోర్డులతో జాగ్రత్తండీ. కొన్నాళ్లు బాగానే పనిచేస్తాయి. తర్వాత ఓ రాత్రి మోటారు ఆగదు, తెల్లారేదాకా డాబా మీంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. అమ్మినవాళ్లు మీ వైరింగునే తప్పుపడతారు. తప్పు బోర్డులోనే ఉంది.

పేరుకి టైమరే గానీ, ఇందులో 555 ఫ్లిప్-ఫ్లాప్‌గా, అంటే ఆన్, ఆఫ్ రెండే స్థితులున్న స్విచ్చులా పనిచేస్తుంది. 12 వోల్టుల సప్లయి మీద 2వ పిన్ను 4 వోల్టుల కిందికి దిగితే మోటారు ఆన్, 6వ పిన్ను 8 వోల్టులు దాటితే ఆఫ్. ఆ మధ్యలో ఉన్న స్థితే కొనసాగుతుంది. ట్యాంకులో నీళ్లు తగిలేలా పెట్టే లోహపు కడ్డీలే ప్రోబులు. అడుగు ప్రోబు 2కి, పై ప్రోబు 6కి కలుపుతారు. ప్లస్ వైరు నీళ్లలో ఉంటుంది. నీళ్లు తగిలిన ప్రోబు పిన్నుకి వోల్టేజి వస్తుంది, తగలకపోతే రెసిస్టరు దాన్ని కిందికి లాగేస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, ఆ చిప్పులో 6 కంటే 2దే పైచేయి. అడుగు ప్రోబు వైరు తెగితే 2వ పిన్ను కిందే ఉండిపోతుంది, ఇక పై ప్రోబు మునిగినా మోటారు ఆగదు. ప్లస్ ప్రోబు పోయినా అంతే, ట్యాంకు ఖాళీ అనుకుంటుంది. డీసీ కరెంటుకి ముందు కరిగిపోయేది ఆ ప్లస్ ప్రోబే, మన ఉప్పు నీళ్లలో మరీ త్వరగా.

అందుకే షాపులో మూడు ప్రోబు వైర్లూ కలిపి, రిలే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే బోర్డు మీది స్విచ్చు) ఆఫ్ అయ్యాక అడుగు వైరు ఒక్కటీ తీయండి. రిలే టక్కుమని మళ్లీ ఆన్ అయితే ఆ బోర్డు వద్దు. 2, 6 రెండింటినీ మించింది 4వ పిన్ను, రీసెట్. మంచి బోర్డులో పై ప్రోబు ఒక ట్రాన్సిస్టరు ద్వారా దాన్నే గ్రౌండు చేసి మోటారు ఆపేస్తుంది. చవక బోర్డులో 4ని నేరుగా ప్లస్‌కి కట్టేస్తారు.

ఇప్పటికే కొన్నవాళ్లు, ట్యాంకు నిండితే విడిపోయే ఫ్లోట్ స్విచ్ ఒకటి రిలే కాయిలుకి సిరీస్‌లో వేయించండి. దాని వైరు తెగినా మోటారు ఆగిపోతుందే తప్ప పొంగదు. ప్రోబులు స్టెయిన్‌లెస్ స్టీలువే పెట్టండి.

బోర్డు మీద 10 ఆంపియర్ల రిలేకి 1 హెచ్‌పీ మోటారు నేరుగా కలపొద్దు. స్టార్టింగులో ఐదారు రెట్లు కరెంటు లాగి కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు ఫ్లోట్ కూడా ఆపలేదు. మధ్యలో కాంటాక్టరు (ఎక్కువ కరెంటు తట్టుకునే పెద్ద రిలే) ఉండాల్సిందే.