ఇన్‌ఫ్రారెడ్ ఫోటోల కోసం తిరుపతి చుట్టుపక్కల: ఏ చోటు పనికొచ్చింది, ఏది రాలేదు

ముందే చెప్పేస్తాను. ఈ రకం ఫోటోలకి తలకోన జలపాతం కన్నా దామలచెరువు మామిడి తోటలే మేలు. కెమెరాకి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ బిగించాక ఏ ఊరు బాగుంటుంది, ఏది బాగుండదు అనే లెక్క మొత్తం మారిపోతుంది.

ఎందుకో చెప్తాను. మన కంటికి కనిపించే వెలుతురు సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆగిపోతుంది, దాని అవతలివే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలు. నేను వాడిన హోయా ఆర్72 ఫిల్టర్ దాదాపు 720 దాటిన కిరణాలనే లోపలికి వదులుతుంది. ఆకుల్లోని పత్రహరితం వాటిని పీల్చుకోదు, ఆకు లోపలి కణాలు చాలావరకు వెనక్కి చిమ్మేస్తాయి, అందుకే చెట్లన్నీ తెల్లగా వస్తాయి. నీలాకాశం, నిలిచిన నీళ్లు నల్లబడతాయి. రాబర్ట్ వుడ్ అనే అమెరికా శాస్త్రవేత్త 1910లోనే ఇలాంటి ఫోటోలు ప్రచురించాడు, ఆకులు ఇలా వెలగడాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. చిక్కల్లా, మామూలు కెమెరాలో సెన్సర్ ముందు ఈ కిరణాల్ని ఆపే పలక ఒకటి ఉంటుంది. అది తీయించి కెమెరాని మార్పించుకోవచ్చు, కానీ కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి అంత ఖర్చు అక్కర్లేదనే నా అభిప్రాయం. ఫిల్టర్ చాలు. కాకపోతే మండే ఎండలో కూడా ఒక్కో ఫోటోకి పది, ఇరవై సెకన్లు పట్టవచ్చు. అంటే ట్రైపాడ్ తప్పదు, ఎండ కావాలి, గాలి ఉండకూడదు. ఈ మూడూ దొరికే చోటే మంచి చోటు.

చంద్రగిరి కోటతో మొదలుపెట్టాం, నేనూ మా బావా. రాజమహల్ రాతి గోడలు, వెనక బండల కొండ, ముందు పచ్చిక, పైన మబ్బు తునకలు... ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది. కానీ అది పురావస్తు శాఖ వాళ్ల కట్టడం, చేత్తో పట్టుకుని తీసుకోవచ్చు, ట్రైపాడ్ పెట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. ఇరవై సెకన్లు చేత్తో పట్టుకుని తీసే ఫోటో ఉండదు కదా. అందుకని కోట గోడ అవతల, రోడ్డు పక్కన నిలబడి కొండనీ చింతచెట్లనీ తీశాను. బాగానే వచ్చాయి. కెమెరా మార్పించుకున్నవాళ్లు మాత్రం చంద్రగిరికే ముందు వెళ్లండి, వాళ్లకి ట్రైపాడ్‌తో పనే లేదు. మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది, అది చూసుకోండి.

తలకోన తిరుపతి నుంచి 50 కిలోమీటర్ల పైనే. భాకరాపేట ఘాట్ దాటాక దారంతా పచ్చగా ఉంటుంది. జలపాతం 270 అడుగులు, వానలు పడ్డాక చూడటానికి నిజంగా గొప్పగా ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో మాత్రం నురగా తెలుపే, చుట్టూ ఆకులూ తెలుపే, ఏది నీళ్లో ఏది చెట్టో తెలియకుండా కలిసిపోతాయి. పైగా లోయలో నీడ ఎక్కువ, ఎండ దిగేది కాసేపే. కోతుల బెడద వేరే, ట్రైపాడ్ దగ్గర ఒకళ్లు కాపలా ఉండాల్సిందే. కుటుంబంతో వెళ్లడానికైతే తలకోనకి ఎప్పుడైనా సరే అంటాను.

దామలచెరువు వైపు మామిడి తోటల్లో పని హాయిగా సాగింది. గుండ్రటి చెట్లు వరసగా, మధ్యలో ఎర్రమట్టి, వెనక నున్నటి బండరాళ్లు. చెట్లు వెన్నెల్లో తడిసినట్టు వచ్చాయి, తీసింది మిట్టమధ్యాహ్నం. తోట పెద్దాయన ట్రైపాడ్ చూసి దగ్గరికొచ్చి, "ఏమప్పా, సర్వేనా? రోడ్డు పడతా ఉందా ఈడ?" అన్నాడు. "లేదు పెద్దాయనా, చెట్లకి ఫోటోలు తీసుకుంటా ఉండాం" అని బావ కెమెరా వెనక తెరలో చూపించాడు. ఆయన చాలాసేపు చూసి, లోపల ఇంకా పెద్ద చెట్లున్నాయి రమ్మని తీసుకెళ్లాడు. తోటలోకి వెళ్లేముందు అడగండి, అడిగితే కాదనేవాళ్లు మాకు ఎక్కడా తగల్లేదు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది హార్స్‌లీ హిల్స్. మదనపల్లె నుంచి 30 కిలోమీటర్లు ఉంటుంది, ఎత్తు 1,265 మీటర్లు. అక్కడి గాలిబండ అనే పెద్ద రాతి మీద నుంచి చూస్తే దూరపు కొండలు మామూలు ఫోటోలో మసగ్గా, నీలంగా కలిసిపోతాయి. ఫిల్టర్ పెడితే ఆ మసక చాలావరకు పోయి ఒక్కో వరస విడివిడిగా తేలుతుంది. పొద్దున పూట పట్టే పొగమంచుకి మాత్రం ఈ మంత్రం పనిచేయదు, నీటి బొట్లు పెద్దవి కాబట్టి. మంచు విడిచేదాకా ఆగాలి, అందుకే కొండ మీదే రాత్రి ఉండటం మంచిది. టూరిజం వాళ్ల హరిత గదులు అక్కడే ఉన్నాయి, మాకు సదుపాయంగానే ఉన్నాయి, శని ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోండి. బండ మీద గాలి ఎక్కువ, కొమ్మలు ఊగితే ఆకులు చెదిరిపోతాయి, కాబట్టి యూకలిప్టస్ చెట్ల చాటున నిలబడి తీయండి.

తిరుపతిలో బస్టాండ్ దగ్గర ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. గది శుభ్రమే కానీ ప్లగ్ ఒక్కటే, అదీ మంచం వెనక. లాంగ్ ఎక్స్‌పోజర్లకి బ్యాటరీలు తొందరగా దిగిపోతాయి, రాత్రంతా ఛార్జింగ్ టెన్షనే. గది తీసుకునే ముందు ఫ్యాను, ఏసీ సంగతి ఎలాగూ అడుగుతారు, ప్లగ్గులు కూడా చూడండి. కారు మాత్రం రోజుకింత అని మాట్లాడుకోండి, కిలోమీటర్ల లెక్క వద్దు, ఎందుకంటే మన పని తిరగడం కన్నా ఆగడమే ఎక్కువ.

సెట్టింగుల సంగతి. ఎప్పుడూ రా ఫార్మాట్‌లోనే, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలుగానే తీయండి. లెన్సు ద్వారం (అపెర్చర్) ఎఫ్8 దగ్గర ఉంచండి, ఇంకా మూస్తే కొన్ని లెన్సుల్లో ఫోటో మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది, అది లెన్సు గుణం, తీసి చూస్తేనే తెలుస్తుంది. ఫోకస్ ఈ కిరణాలకి కాస్త పక్కకి జరుగుతుంది, అందుకని ఫిల్టర్ పెట్టాకే లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) పెంచి సరిచూసుకోండి. డీఎస్ఎల్ఆర్ అయితే కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ మూసేయండి, వెలుతురు అటునుంచి దూరుతుంది. వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరా దేన్ని తెలుపుగా లెక్కేయాలో చెప్పే సెట్టింగు, ఎండలో ఉన్న పచ్చగడ్డి మీద పెట్టుకోండి.

ఎడిటింగ్‌లో మొదట ఫోటో అంతా ఎర్రగా కనిపిస్తుంది, కంగారు పడకండి. అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో వైట్ బ్యాలెన్స్ 2000 కెల్విన్ కిందకి దిగదు కాబట్టి ఆ ఎరుపు పూర్తిగా పోదు, అడోబీ వాళ్ల డీఎన్‌జీ ప్రొఫైల్ ఎడిటర్‌తో మన కెమెరాకి ఒక ప్రొఫైల్ చేసుకుంటే ఆ అడ్డు తొలగుతుంది. తర్వాత ఉచితంగా దొరికే గింప్‌లో ఛానల్ మిక్సర్ తెరిచి, ఎరుపు ఛానల్‌లో ఎరుపు సున్నా, నీలం ఒకటి పెట్టి, నీలం ఛానల్‌లో ఎరుపు ఒకటి, నీలం సున్నా పెట్టండి. ఇటుక రంగు ఆకాశం నీలంగా మారుతుంది. అయినా మొదట్లో నలుపు తెలుపులోనే చేయమంటాను. మామిడి తోటలవీ గాలిబండవీ నేను అలాగే ఉంచేశాను, చంద్రగిరి కొండ ఫోటోలకి మాత్రం రంగు మార్చాను, ఆ బండలకి నీలాకాశమే అందం.