ఒగ్గు డోలు పలికే హెడ్‌ఫోన్లు, బతుకమ్మ పాటకు చాలే స్పీకరు

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయరుకు మంచి హెడ్‌ఫోన్లు కొనేవాళ్లు ముందు ఓముల అంకె, అంటే కరెంటుకు అవి ఎంత అడ్డుపడతాయో చెప్పే అంకె, చూడండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 గొప్పదే. 1997 నుంచి దాని పేరు చెక్కుచెదరలేదు. కానీ అది 300 ఓములు. ప్లేయరు ఒక వోల్టు ఇస్తే దానికి అందే శక్తి 3 మిల్లీవాట్లు పైచిలుకు మాత్రమే. అదే వోల్టుకు 32 ఓముల జతకు 31 మిల్లీవాట్లు అందుతాయి. పైగా హెచ్‌డీ 600 వెనక భాగం తెరిచి ఉంటుంది కాబట్టి రైలు రొదంతా చెవిలోకి వస్తుంది. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు తిరిగే నాబోటివాళ్లకు అది కుదరదు.

నేను ఏళ్లుగా వాడుతున్నది బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 32 ఓముల రకం. వెనక మూసి ఉంటుంది, వైరు 1.6 మీటర్లు. 80 ఓముల రకానికి 3 మీటర్ల వైరు వస్తుంది, దాన్ని సంచిలో పెట్టుకుని తిరగలేం. అయితే 80కి మఖమల్ ప్యాడ్లు, 32కి తోలులాంటివి ఇస్తారు. ఓరుగల్లు ఎండల్లో ఇది పెద్ద తేడా. మే నెలలో తోలు ప్యాడ్లేవైనా చెవుల చుట్టూ చెమట పట్టించక మానవు. ప్యాడ్లు విడిగా దొరుకుతాయి కనుక మఖమల్ జత తెచ్చి వేసుకున్నాను. బేస్ కాస్త పల్చబడింది. అయినా ఒగ్గుకథ మొత్తం హెడ్‌ఫోన్లు తీయకుండా వింటున్నాను, నాకు అదే ముఖ్యం.

ఏ హెడ్‌ఫోన్లనైనా నేను ఒగ్గుకథతోనే పరీక్షిస్తాను. నాసిరకం వాటిలో డోలు ముద్దయిపోయి కథకుని మాటను మింగేస్తుంది. నా డీటీ 770లో డోలు మీద దెబ్బ వేరు, దాని వెనక సాగే గుమ్ము వేరు. వంతపాట ఏ పక్క నుంచి అందుకున్నారో తెలుస్తుంది. తాళాలు మాత్రం బాగా పదునుగా మోగుతాయి. మెత్తని ధ్వని ఇష్టపడేవాళ్లు మీ ప్లేయరు, మీ పాట తీసుకెళ్లి విన్నాకే కొనండి.

స్పీకరు సంగతి వేరు. బ్లూటూత్ లేని ప్లేయరైతే 3.5 మిల్లీమీటర్ల జాక్ ఉందో లేదో చూసుకోవాలి. జేబీఎల్ ఫ్లిప్ 4కు ఉంది, ఫ్లిప్ 5కు లేదు. అరచేతంత డబ్బాలో పెద్ద డోలు మోగదు. రెండు చివర్లా ఊగే పొరలు బేస్‌ను కొంత నిలబెడతాయి గానీ, వాల్యూమ్ పెంచేకొద్దీ లోపలి సర్క్యూటే బేస్‌ను తగ్గిస్తుంది. గోడ మూలకు జరిపితే కొంత నిండుగా వినిపిస్తుంది.

కానీ మా వాడలో రికార్డు చేసిన బతుకమ్మ పాటలు పెడితే ఆ చిన్న డబ్బాకు వంక పెట్టలేను. ఆడవాళ్ల గొంతులు, చప్పట్లు, అంతే కదా! అమ్మ వంటింట్లో ఉండి "గీ గొంతు మన వదినది గాదె?" అని గుర్తుపట్టేసింది.

స్పీకరు మీద ఐపీఎక్స్7 అని రాసి ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. ఎండకు మాత్రం ఆ హామీ లేదు. వేసవిలో కారులో వదిలేస్తే లిథియం బ్యాటరీ తొందరగా పాడవుతుంది, వెంట తెచ్చుకోండి.