హౌస్‌స్టెడ్స్, విండోలాండా: ఒక్క రోజే ఉంటే ఏ కోట మేలు?

న్యూకాజిల్‌కు చదువుకో ఉద్యోగానికో వచ్చినవారు, వారిని చూడటానికి వచ్చే తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కట్టించిన గోడ పొడవునా ఇన్ని రోమన్ కోటలున్నాయి కదా, చేతిలో ఒక్క రోజే ఉంటే ఏ కోటకు వెళ్లాలి? న్యూకాజిల్ కూడా పాన్స్ ఏలియస్ అనే రోమన్ కోట ఉన్న చోట వెలసిన ఊరే గానీ, ఆ కోట నగరం కింద అణగిపోయింది. కాబట్టి ప్రశ్న చివరికి నగరానికి పడమట, కొండల మధ్య, ఒకదానికొకటి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కోటల దగ్గర ఆగుతుంది. ఒకటి రోమన్లు వెర్కోవిసియం అని పిలిచిన హౌస్‌స్టెడ్స్, రెండోది బార్డన్ మిల్ సమీపంలోని విండోలాండా.

రోమన్ కోట ఎలా ఉండేదో ఒక్క చూపులో తెలియాలంటే హౌస్‌స్టెడ్స్‌ను మించినది లేదు. నల్లరాతి కొండ అంచున సుమారు రెండు హెక్టార్ల మేర నాలుగు ద్వారాలు, సేనాపతి నివాసం, వైద్యశాల, పటాలపు బారకాసులు, తేమ తగలకుండా నేలను చిన్న రాతి స్తంభాల మీద ఎత్తి కట్టిన ధాన్యపు కొట్లు అన్నీ పునాదులతో సహా కనిపిస్తాయి. ఆగ్నేయ మూలన ఉన్న సామూహిక మరుగుదొడ్డిని చూసినవారు దాన్ని మరచిపోరు. వాననీటిని తొట్టెల్లో పట్టి, ఆ నీటితోనే కాలువను కడిగిన ఏర్పాటు ఇప్పటికీ స్పష్టంగా తెలుస్తుంది. కోట లోపల, గోడకోసం ముందుగా కట్టి తరువాత కూల్చిన ఒక బురుజు పునాది కూడా బయటపడింది. అంటే మొదట ఇక్కడ కోట కట్టే ఆలోచనే లేదు. గోడ పని నడుస్తుండగానే పథకం మారింది. అన్నిటికన్నా మిన్నగా, ఇక్కడ కోట ఉత్తరపు ప్రాకారమే హేడ్రియన్ గోడ. అక్కడ నిలబడి పడమటికి చూస్తే, కొండ ఎక్కినచోట ఎక్కుతూ దిగినచోట దిగుతూ పోయే ఆ గోడ కనుచూపు మేర కనిపిస్తుంది.

ఇంత చెప్పి కూడా నేను విండోలాండా వైపే మొగ్గుతాను. కారణం ఆ నేల.

విండోలాండా గోడ మీద లేదు; గోడకు సుమారు ఒకటిన్నర కిలోమీటరు దక్షిణాన, అంతకు ముందే ఉన్న స్టేన్‌గేట్ అనే సైనిక మార్గం మీద ఉంది. క్రీ.శ. 85 ప్రాంతంలో మొదటి కొయ్యకోట కట్టారు. ఒక దళం వెళ్లిపోయి మరొకటి వచ్చినప్పుడల్లా పాత కట్టడాలను పడగొట్టి, వాటిమీద బంకమట్టి, పచ్చికగడ్డలు పరచి కొత్తవి లేపారు. ఆ పొర కింద గాలి చొరలేదు. గాలి లేనిచోట కుళ్లబెట్టే సూక్ష్మజీవులు పని చేయలేవు. అందువల్ల మరెక్కడైనా మట్టిలో కలిసిపోయే వస్తువులు ఇక్కడ నిలిచాయి. అయిదు వేలకు పైగా తోలు చెప్పులు, బూట్లు దొరికాయి. వాటిలో పసిపిల్లలవీ ఉన్నాయి. సైనిక కోటలో స్త్రీలు, పిల్లలు నివసించారని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

1973లో పురాతత్వవేత్త రాబిన్ బర్లీ తవ్విస్తున్నప్పుడు చెక్క పేళ్ల వంటివి కొన్ని బయటపడ్డాయి. విప్పి చూస్తే లోపల సిరా రాత ఉంది. గాలి తగలగానే ఆ రాత మసకబారిపోయింది, పరారుణ కిరణాలతో ఛాయాచిత్రాలు తీసి చదవవలసి వచ్చింది. మన తాటాకుల మీద గంటంతో గీసినట్టు కాక, పలుచని చెక్క రేకుల మీద కలంతో రాసి మధ్యకు మడిచిన ఉత్తరాలవి. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే సేనాపతి భార్య, విండోలాండాలో ఉన్న స్నేహితురాలు సుల్పిషియా లెపిడీనాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకు రమ్మని పిలిచింది. ఉత్తరం లేఖకుడిది, చివరి పంక్తులు మాత్రం ఆమె స్వహస్తంతో రాసినవి. స్త్రీ చేతిరాతగా మనకు దక్కిన అతి పురాతన లాటిన్ రాతల్లో అదొకటి. మరో ఉత్తరంలో ఎవరో ఎవరికో మేజోళ్లు, లోదుస్తులు పంపించారు.

నా ఎంపికను నిర్ణయించినది ఒక హాజరు పట్టీ. మొదటి టంగ్రియన్ దళంలో 752 మంది ఉండగా, 456 మంది ఇతర పనుల మీద బయట ఉన్నారు. వారిలో 337 మంది నేటి కోర్‌బ్రిడ్జ్ అయిన కోరియాలో ఉన్నారు. ఉన్న 296 మందిలో 15 మంది రోగులు, ఆరుగురు గాయపడ్డవారు, పదిమంది కళ్లు వాచినవారు. నేటి బెల్జియం నుంచి వచ్చిన ఈ దళమే తరువాతి కాలంలో హౌస్‌స్టెడ్స్‌లో కాపు ఉంది. అంటే హౌస్‌స్టెడ్స్‌లో మనం చూసే బారకాసుల్లో ఉన్నవారు ఎలాంటి మనుషులో చెప్పే పట్టీ విండోలాండాలో దొరికింది. రాళ్లను ముందు చూసి మనుషులను ఊహించుకోవడం కన్నా, మనుషులను ముందు తెలుసుకొని రాళ్ల దగ్గరికి పోవడం మేలని నేను నమ్ముతాను.

విండోలాండాకూ లోపాలున్నాయి. ఆ ఉత్తరాలు రాసిన కొయ్యకోటలు ఇప్పుడు పైకి కనిపించవు. మనం నడిచేది ఎక్కువగా మూడో శతాబ్దపు రాతికోట పునాదుల మధ్య. ఉత్తరాల్లో అధికభాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, ఇక్కడి ప్రదర్శనశాలలో కొన్నే ఉంటాయి. అసలైన గోడ అక్కడ లేదు. ఉన్నది నమూనాగా కట్టిన ముక్క. అయినా వేసవిలో వెళ్తే స్వచ్ఛంద కార్యకర్తలు తవ్వుతూ ఉండగా చూడవచ్చు, ఇది హౌస్‌స్టెడ్స్ ఇవ్వలేనిది.

తక్కిన కోటల గురించి రెండు మాటలు చాలు. నార్త్ టైన్ నది ఒడ్డున ఉన్న చెస్టర్స్ గుర్రపు దళపు కోట. అక్కడి స్నానశాల గోడలు బాగా నిలిచాయి, నడక తక్కువ కాబట్టి పెద్దవారికి అనుకూలం. వాల్సెండ్‌లోని సెగెడూనం, సౌత్ షీల్డ్స్‌లోని అర్బేయా రెండింటికీ మెట్రోలోనే చేరవచ్చు. అర్బేయాలో సిరియాలోని పల్మైరాకు చెందిన బరాటెస్, బ్రిటన్‌కు చెందిన తన భార్య రెజీనాకు నిలిపిన సమాధి శిల ఉంది. దానిమీద లాటిన్‌తో పాటు అతని సొంత భాషలోనూ ఒక పంక్తి ఉంది. అర పూటే ఉన్నవారు అది చూస్తే చాలు.

ఒక రోజు ఉన్నవారు పొద్దున్నే విండోలాండాకు చేరండి. ప్రదర్శనశాలను చివరికి వదలకుండా, ముందు అక్కడే గంటన్నర గడిపి తరువాత తవ్వకాల వైపు నడవండి. మధ్యాహ్నానికి కాళ్లలో ఓపిక మిగిలితే, వేసవి నెలల్లో ఆ కొండదారి వెంట నడిచే ఏడీ122 బస్సు హౌస్‌స్టెడ్స్‌కు చేరుస్తుంది. దిగిన చోటి నుంచి కోట దాకా దాదాపు ఒక కిలోమీటరు ఎగువకు నడవాలి, ఎండ కాస్తున్నా గాలి చొరని పైచొక్కా తప్పదు.