బండి మీద జంటగా అమ్మే లేబుల్ లేని యాసిడ్, బ్లీచ్ సీసాలు కొనకండి

గార పట్టిన బాత్‌రూమ్ టైల్స్‌ను అయిదు నిమిషాల్లో తెల్లగా చేస్తాయంటూ మా కాలనీలో బండి మీద తిరిగే ఒక వ్యాపారి రెండు సీసాలు జంటగా అమ్ముతున్నాడు. ఒకదానిలో లేత పసుపు రంగు ద్రవం, రెండోదానిలో బ్లీచింగ్ పౌడర్ వాసన వచ్చే ద్రవం ఉన్నాయి. రెండూ పాత కూల్‌డ్రింక్ సీసాలే. వాటి మీద సరుకు పేరు గానీ, తయారీదారు చిరునామా గానీ, హెచ్చరిక గానీ లేవు. మొదటిది పోసి, నురగ పొంగుతుండగానే రెండోది కూడా పోసి రుద్దమని చెప్పి మరీ ఇచ్చాడు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ అతడు చెప్పినట్టే చేసి, కాసేపటికే దగ్గుతూ గోడ పట్టుకుని బయటికి వచ్చారు. కళ్లు ఎర్రబడి నీళ్లు ధారగా కారుతున్నాయి, ఛాతీ బిగుసుకుపోయి ఒక్క మాట కూడా పూర్తిగా పలకలేకపోయారు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టి ఆ రాత్రి అక్కడే ఉంచుకున్నారు. ప్రాణానికి ముప్పు తప్పింది గానీ, మెట్లెక్కితే దగ్గు తెర ఇప్పటికీ వస్తోంది. నాలుగిళ్లలో పనిచేసి బతికే మనిషికి ఇది చిన్న నష్టం కాదు.

గార వదిలించే యాసిడ్ అంటే సాధారణంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. కంపెనీలు లేబుల్‌తో అమ్మే టాయిలెట్ క్లీనర్లలో ఇది సుమారు 10 శాతం ఉంటుంది. విడిగా అమ్మే సరుకులో 30 శాతం దాకా ఉండవచ్చు, ఎంత ఉందో కొన్నవారికి తెలిసే దారే లేదు. బ్లీచ్ ద్రవంలో సోడియం హైపోక్లోరైట్, బ్లీచింగ్ పౌడర్‌లో కాల్షియం హైపోక్లోరైట్ ఉంటాయి. వీటిలో దేనికి ఆమ్లం తగిలినా వెంటనే క్లోరిన్ వాయువు విడుదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో బెల్జియంలోని ఈప్ర్ పట్టణం దగ్గర సైనికుల మీదికి వదిలినది ఈ వాయువునే. గాలిలో పది లక్షల భాగాలకు పది భాగాలు చేరినా దాన్ని ప్రాణానికి తక్షణ ప్రమాదంగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ పరిగణిస్తుంది. పైగా క్లోరిన్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి నేలకు దగ్గరగా పరుచుకుంటుంది. అంటే చిన్న గదిలో గొంతుక్కూర్చుని నేల రుద్దుతున్న మనిషి ముక్కుకే అది మొదట అందుతుంది.

ఒక్కసారి జరిగే ప్రమాదంతోనే ఇది ముగియదు. నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరువేలకు పైగా మందిని 20 ఏళ్లపాటు గమనించి 2018లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, ఇల్లు శుభ్రం చేసే స్త్రీలలోనూ, శుభ్రం చేయడమే వృత్తిగా ఉన్న స్త్రీలలోనూ ఊపిరితిత్తుల సామర్థ్యం ఇతర స్త్రీలకంటే వేగంగా తగ్గింది. కిటికీ తెరవకుండా రోజూ పీల్చే ఘాటును మనం తేలిగ్గా తీసుకుంటున్నాం, దాన్ని ఎక్కువగా పీలుస్తున్నది మన ఇళ్లలో పనిచేసేవారే.

ఎవరికైనా ఇలా జరిగితే ముందు ఆ మనిషిని గదిలోంచి బయటి గాలిలోకి తీసుకురండి. సీసాలు తీయాలనో, నేల కడగాలనో మీరు లోపలికి వెళ్లకండి. కళ్లలో, ఒంటి మీద పడితే ధారగా కారే నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగండి. మజ్జిగ తాగిస్తే విరుగుడవుతుందని చుట్టుపక్కలవారు చెబుతారు. దానివల్ల ఊపిరితిత్తులకు ఒరిగేదేమీ లేదు, సమయం పోవడం తప్ప. వెంటనే 108కి ఫోన్ చేయండి. దగ్గు తగ్గినట్టు కనిపించినా కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు కాబట్టి డాక్టరుకు చూపించకుండా ఊరుకోకండి. పిల్లలెవరైనా కూల్‌డ్రింక్ అనుకుని యాసిడ్ తాగితే బలవంతంగా వాంతి చేయించకండి, అది గొంతును రెండోసారి కాలుస్తుంది.

యాసిడ్ అమ్మకాలపై సుప్రీంకోర్టు 2013లోనే ఆంక్షలు పెట్టింది: కొనేవారి ఫొటో గుర్తింపు కార్డు చూడాలి, వివరాలు రిజిస్టరులో రాయాలి, 18 ఏళ్లలోపు వారికి అమ్మకూడదు. బండి మీద ఇవేవీ జరగవు.

గార కోసం కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును నీళ్లలో కలిపి రాసి, కాసేపు నాననిచ్చి రుద్దితే చాలావరకు వదులుతుంది. అయితే అదీ ఆమ్లమే. దానితోనూ బ్లీచ్ కలపకూడదు, పాలరాయి మీద వాడకూడదు. సీసా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారీ తేదీ, గరిష్ఠ ధర ముద్రించి ఉన్న క్లీనరే కొనండి, బిల్లు తీసుకోండి. ఇప్పటికే ఈ జంట సీసాలు కొన్నవారు వాటిని ఒకేచోట పారబోయకండి, కాలువలో కలిసినా అదే వాయువు పుడుతుంది. మూత బిగించి వేర్వేరు చోట్ల పిల్లలకు అందకుండా ఉంచి, ఫొటోలు తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, మేము చేశాము.