వరి రైతుల వాట్సాప్ గ్రూపు: నాలుగు ఖరీఫ్‌లు వాడాక

పొద్దున చేలో కనబడిన మచ్చ ఏ తెగులో సాయంత్రానికల్లా తేలిపోవాలి. ఈ గ్రూపు పెట్టుకున్నది ప్రధానంగా అందుకే. శ్రీకాకుళం జిల్లాలో వంశధార కాలువ కింది పల్లం భూముల్లో, యాభై మంది లోపు రైతులతో నాలుగు ఖరీఫ్‌లు నడిపాక మా అభిప్రాయం ఇది: గ్రూపు బాగా పనికొస్తుంది, అయితే అందులో పడే ఫొటో ఎంత బాగుంటే జవాబు అంత బాగుంటుంది. జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. తప్పు జవాబుల్లో ఎక్కువ భాగం అడిగిన తీరు వల్లే వచ్చాయి.

ఒక్క ఆకు కోసి అరచేతిలో పెట్టుకుని తీసిన ఫొటోతో ఏదీ తేలదు. మూడు కావాలి. మొదటిది గట్టు మీద నిలబడి మడి మొత్తం కనబడేలా. మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ అయితే చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండుతుంది, అది దూరం నుంచే తెలుస్తుంది. రెండోది దుబ్బును పక్కకు వంచి, నీటికి కాస్త పైన మొదలు దగ్గర. దోమ ఉండేది అక్కడే, పైనుంచి ఎంత వెతికినా దొరకదు. మూడోది ఆకు మీద మచ్చ, జానెడు దూరం నుంచి. తక్కువ ధర ఫోన్లు అంతకంటే దగ్గరకు తెస్తే మసకబారతాయి. మచ్చ మీద వేలితో ఒకసారి తాకి, బొమ్మ తేటపడ్డాకే నొక్కాలి. ఎండ నేరుగా పడితే ఆకు తెల్లగా మెరిసి మచ్చ రంగు పోతుంది కాబట్టి మన నీడ ఆకు మీద పడేలా నిలబడాలి. తీసేముందు లెన్సు తుడవాలి, మందు కొట్టిన చేతులతో పట్టుకున్న ఫోన్లకు ఇది మరీ ముఖ్యం. పంపేటప్పుడు హెచ్‌డీ నొక్కడం మరవొద్దు. నొక్కకపోతే వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది, అగ్గి తెగులు నూలుకండె మచ్చకూ గోధుమ మచ్చకూ తేడా అక్కడే పోతుంది.

ఫొటోల వెంట ఒక వాయిస్ మెసేజ్ ఉండాలి. అందులో చెప్పాల్సినవి: రకం, ఉభాలై (నాట్లు వేసి) ఎన్ని రోజులైంది, యూరియా ఎప్పుడు ఎంత వేశారు, నీరు నిలిచి ఉందా, ఇప్పటికే ఏం మందు కొట్టారు. రకం చెప్పకుండా అడిగితే మేం జవాబివ్వడం మానేశాం. స్వర్ణ (ఎంటీయూ 7029) సుడిదోమకు తేలిగ్గా లొంగుతుంది, విజేత (ఎంటీయూ 1001) కొంత తట్టుకుంటుంది. రెండింటికీ ఒకే తొందర అక్కర్లేదు.

రోజుల లెక్క ఎందుకంటే, ఉభాలైన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తే ముందు జింకు లోపాన్ని అనుమానించాలి. ఆకు పెళుసుగా ఉండి, వంచితే చప్పుడుతో విరుగుతుంది. ఫొటోలో చప్పుడు వినబడదు కాబట్టి విరిచి చూసి వాయిస్‌లో చెప్పాలి. జింకు అయితే లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్, ఐదు రోజుల తేడాతో రెండు మూడు సార్లు కొడితే సరిపోతుంది. దాన్ని తెగులనుకుని శిలీంధ్ర మందు కొట్టేస్తే డబ్బూ పోతుంది, వారమూ పోతుంది.

బ్యాక్టీరియా ఎండాకు తెగులు, పొటాష్ లోపం ఫొటోలో అన్నదమ్ముల్లా ఉంటాయి. రెండింటిలోనూ ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు దిగుతుంది. ఇక్కడ ఫొటో ఆపి గాజు గ్లాసు తీయాలి. ఎండుతున్న చోటుకూ పచ్చగా ఉన్న చోటుకూ మధ్య ఆకు ముక్క కత్తిరించి, తేట నీటిలో ముంచి కాసేపు చూడాలి. కోసిన అంచు నుంచి పాలలాంటి తెల్లని ధార పొగలా దిగితే అది బ్యాక్టీరియా తెగులే. అప్పుడు యూరియా వెంటనే ఆపాలి. ఈ గ్లాసును పది సెకన్ల వీడియో తీసి పెట్టినవాళ్ల చేలపై మళ్లీ వాదన రాలేదు.

ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే యాప్‌లనూ పక్కన పెట్టుకుని వాడాం. ఆకు మచ్చలకు ఫరవాలేదు. కాండం తొలుచు పురుగు, ఉల్లికోడు విషయంలో నమ్మలేం, ఎందుకంటే పురుగు ఉన్నది లోపల. మొవ్వు (పిలక నడిమి లేత ఆకు) లాగితే తేలిగ్గా ఊడి వస్తుందా, లేక ఉల్లికాడలా గొట్టం అయిందా అన్నది చెయ్యి పెట్టి చూడాల్సిందే. యాప్ చెప్పిన పేరును గ్రూపులో ప్రశ్నగానే పెట్టాలి, తీర్పుగా పెట్టకూడదు.

అన్నిటికంటే నష్టం చేసింది మోతాదు. సుడిదోమకు పైమెట్రోజిన్ అనే మందు లీటరుకు 0.6 గ్రాములని ఎవరో పెడతారు. అది ఎకరాకు 200 లీటర్ల నీటి లెక్క, అంటే ఎకరాకు 120 గ్రాములు. 16 లీటర్ల ట్యాంకుతో కొట్టేవాళ్లకు పన్నెండు పదమూడు ట్యాంకులు పడుతుంది. సోమరితనంతో ఆరు ట్యాంకులతో ముగించినవాళ్ల చేలో మందు సగమే పడుతుంది. డ్రోన్ వచ్చాక ఇది ఇంకా ముదిరింది. డ్రోన్ ఎకరాకు పది లీటర్లే చల్లుతుంది. ఆ పది లీటర్లకు 0.6 గ్రాముల లెక్కన కలిపితే పడేది 6 గ్రాములు. మందు పని చేయలేదని కొట్టు మీద గొడవ పడి లాభం లేదు. అందుకే ‘లీటరుకు ఇంత’ అని రాసిన ఏ మెసేజ్‌నూ ఇప్పుడు ఉంచడం లేదు, ‘ఎకరాకు ఇంత’ అని రాయిస్తున్నాం. ఏ మందైనా సుడిదోమకు మొదలు తడిసేలా కొట్టాలి. ప్రతి రెండు మీటర్లకూ 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలిన చేలో ఇది సాధ్యం, వదలని చేలో మనిషి దూరలేడు.

గోదావరి జిల్లాల నుంచి ఫార్వర్డ్ అయ్యే సలహాలతో జాగ్రత్త. వాటిలో తప్పుండదు, మనకు అదను కుదరదు. మన దగ్గర ఉభాలు వానను బట్టి, కాలువ నీటిని బట్టి జులై, ఆగస్టుల్లో ఎప్పుడైనా పడతాయి. ‘ఇప్పుడు పిలక దశ’ అన్న మాట మన చేనుకు నెల తేడాతో తగులుతుంది.

వాయిస్ చెప్పడానికి సుఖం, వెతకడానికి నరకం. పోయిన ఏడాది జవాబు కావాలంటే వందల వాయిస్‌లు వినాలి. అందుకని ప్రతి ఫొటో కింద తెగులు పేరు ఒక్క మాటైనా తెలుగు లిపిలో రాయాలి. ఒకరు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒకరు తెలుగులో రాస్తే వెతుకులాటలో సగమే దొరుకుతాయి. టైపింగ్ రానివాళ్లు కీబోర్డులో మైకు నొక్కి ‘సుడిదోమ’ అంటే చాలు, అదే రాస్తుంది.

కొండవార ఊళ్లలో సిగ్నల్ అందదు. అక్కడ వాట్సాప్ లోపలి కెమెరాతో కాకుండా ఫోను కెమెరాతో తీసి దాచుకుని, రోడ్డెక్కాక పంపడం మేలు. తీసిన తేదీ వాయిస్‌లో చెప్పాలి.

వాతావరణానికి మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో వచ్చే జిల్లా సలహాను ఒకరు చదివి గ్రూపులో వినిపిస్తారు. పిడుగులకు దామిని యాప్. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాను కబురు ఉంటే కోత ఆపమన్న మెసేజ్‌ను పిన్ చేసి ఉంచుతాం. పనలు (కోసి చేలో పరిచిన వరి) తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి కొడితే గింజ మొలకెత్తదు. ఈ ఒక్క వాయిస్ ఏటా అందరికీ కావాలి.

గ్రూపులోని పెద్ద లోటు వేరే ఉంది. కలుపు తీసేటప్పుడు చేనును మొదట చూసేది ఆడవాళ్లు, ఫోనున్నది మగవాళ్ల జేబులో. కబురు మధ్యాహ్నం భోజనాల దగ్గర చేరేసరికి ఒక పూట పోతుంది. మగవాళ్ల నంబరు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆడవాళ్లనూ చేర్చమంటున్నాం, ఇంకా సగం కూడా కాలేదు. మామూలు ఫోనున్నవాళ్లకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉంది, ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఆధార్, పాసు పుస్తకం ఫొటోలు గ్రూపులో పెట్టొద్దు. ఈ-పంట నమోదుకు (వేసిన పంటను ప్రభుత్వ లెక్కల్లో ఎక్కించడానికి) కావాలన్నా రైతు సేవా కేంద్రంలో చేతికే చూపించాలి. పీఎం కిసాన్ పేరుతో వచ్చే ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) ఎవరు పంపినా, సొంత బావమరిది పంపినా తెరవకూడదు, వాళ్ల ఫోను అప్పటికే పరుల చేతిలో ఉండొచ్చు. సెట్టింగుల్లో ఆటో డౌన్‌లోడ్ ఆపి ఉంచాలి.

అడ్మిన్లు ఇద్దరుండాలి. ఒక్కరే ఉండి ఫోను కాలువలో పడితే కొత్తవాళ్లను చేర్చేవాళ్లుండరు. కోతలయ్యాక ఆ ఏడాది తేలిన జవాబులను, రకం, తేదీ, ఎకరా మోతాదుతో సహా ఒక నోటు పుస్తకంలోకి ఎక్కించాలి. మాకు అది పన్నెండు పేజీలు దాటదు. వచ్చే ఏడాది నారుమడి పోసేముందు ఆ పేజీల ఫొటోలే గ్రూపులో మొదటి పోస్టు.