బ్లేక్నీ నుంచి క్లై దాకా కరకట్ట నడక: ఎలా ఉంటుంది, ఎలా నడవాలి

హన్‌స్టంటన్ నుంచి హాప్టన్ దాకా ఇంగ్లండ్ తూర్పు తీరం వెంట సాగే నార్ఫోక్ కోస్ట్ పాత్ అనే కాలిబాట మొత్తం 135 కిలోమీటర్లు. ఒక్క పూటే తీరిక ఉన్నవాళ్లు బ్లేక్నీ రేవు నుంచి క్లై గాలిమర దాకా ఉన్న నాలుగైదు కిలోమీటర్లు నడవండి. గంటన్నర చాలు, పక్షుల కోసం ఆగితే రెండున్నర గంటలు. దాదాపు దారంతా మట్టి కరకట్ట మీదే. ఎడమవైపు పోటు వచ్చిపోయే ఉప్పు చిత్తడి, కుడివైపు పశువులు మేసే మంచినీటి బీడు. కోరంగిలో మడ చెట్లు చేసే పనిని ఇక్కడ మోకాలెత్తు మొక్కలు చేస్తాయి: అలల జోరు తగ్గిస్తాయి, ఒండ్రును పట్టి నిలుపుతాయి.

ఈ దారికున్న గొప్ప సౌకర్యం కట్ట ఎత్తు. జులైలో ఊదారంగు సీ లావెండర్ పూలయినా, పాయల్లో మేసే పక్షులయినా పైనుంచే చక్కగా కనిపిస్తాయి. అయినా ఫోటో కోసం కిందికి దిగేవాళ్లుంటారు. దయచేసి దిగకండి. పోటు నీరు ఎదురుగానే వస్తుందనుకుంటాం గానీ, అది మెలికల పాయల్లోంచి మన వెనక్కి చేరుతుంది. నిలబడ్డ నేల పొడిగానే ఉంటుంది, దాటి వచ్చిన పాయ మాత్రం నిండిపోతుంది. పాయ అంచుకు ఒక ఆనవాలుంది. వెండి పూత పూసినట్టు దళసరి ఆకులతో సీ పర్స్‌లేన్ పొదలు వరసగా కనిపిస్తే, చాలాచోట్ల వాటి పక్కనే బురద గోడ నిలువునా దిగుతుంది. ఆ పొదల కొమ్మలు పెళుసు, కాలు పడితే విరుగుతాయి. పదేపదే తొక్కిన చోట వేళ్లు చచ్చి మట్టి వదులవుతుంది, ఆ కాలిబాటే నీటికి దారవుతుంది.

వాన తర్వాత కట్ట మీద జిగట బురద. దాన్ని తప్పించుకోవడానికి పక్కనున్న గడ్డి తొక్కితే బాట వెడల్పవుతుంది, కట్ట బలహీనపడుతుంది. 2013 డిసెంబరు 5 నాటి ఉప్పెనకు ఇక్కడి కట్టలు తెగి బీడంతా ఉప్పునీటి పాలైంది. అందుకే చీలమండ దాటే బూట్లు వేసుకుని నడిమధ్య బురదలోంచే వెళ్లండి. పిల్లల తోపుడు బండి ఆ రోజుల్లో వద్దు.

ఏప్రిల్ నుంచి జులై దాకా రెడ్‌షాంక్, స్కైలార్క్ లాంటి పక్షులు నేలమీదే గూళ్లు పెడతాయి. ఎర్రకాళ్ల రెడ్‌షాంక్ అరుస్తూ తలపైన తిరుగుతోందంటే గూడో పిల్లలో దగ్గర్లోనే ఉన్నట్టు. ఆగకుండా ముందుకు సాగండి. మీరు నిలబడ్డంతసేపూ గుడ్లు చల్లారుతుంటాయి. చలికాలంలో సైబీరియా నుంచి బ్రెంట్ బాతులొస్తాయి. మేత ఆపి అన్నీ ఒకేసారి తలలెత్తాయంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట, అవి లేవకముందే వెనక్కి తగ్గండి. పగలు తక్కువున్న రోజుల్లో లేచి ఎగిరిన ప్రతిసారీ వాటికి మేత సమయమూ ఒంట్లో శక్తీ పోతాయి. కుక్కను రెండు మీటర్లకు మించని పట్టీతో పక్కనే నడిపించండి. డ్రోన్ ఇంట్లోనే ఉంచండి, ఇలాంటి చోట్లను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ స్థలాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. ఈ చిత్తడిలో పెరిగే సాంఫైర్ అనే ఉప్పటి ఆకుకూర తినాలనుంటే కొట్లో కొనుక్కోండి. స్థల యజమాని అనుమతి లేకుండా మొక్కను వేళ్లతో పెరకడం నేరం.

లోపాలూ ఉన్నాయి. కట్ట మీద నీడ లేదు, ఉత్తరపు గాలికి అడ్డు లేదు, మధ్యలో మరుగుదొడ్డి లేదు. బ్లేక్నీ రేవులోని కార్ పార్కింగ్‌లోకి పెద్ద పోటుకు నీళ్లొస్తాయి. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజుల్లో వెళ్తే ముందుగా పోటు వేళలు చూసుకోండి. నయమైన పద్ధతి కారు తేకపోవడమే. నార్విచ్ నుంచి షెరింగ్‌హామ్‌కు రైలు, అక్కడి నుంచి కోస్ట్‌హాపర్ బస్సు. బ్లేక్నీలో దిగి నడిస్తే క్లైలో తిరుగు బస్సు ఎక్కొచ్చు. వేళ మిగిలితే క్లై ఊరికి తూర్పున నార్ఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ కేంద్రంలో టీ తాగండి, అక్కడ మరుగుదొడ్లూ ఉన్నాయి. 1926లో కొన్న ఆ చిత్తడిని చూసే మాటుగదులకు సభ్యులు కానివాళ్లు టికెట్ కొనాలి, కోస్ట్ పాత్ మాత్రం అందరికీ ఉచితం.